చేతులు తగిలితే సుఖవ్యాధులు వస్తాయా? 24 రోజులుగా నిద్ర లేదు

రాత్రి_మెలకువ
సూటిగా అడిగేస్తున్నా, తిట్టొద్దు. ఎస్సార్ నగర్‌లో హాస్టల్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్ళి కుదిరింది, శ్రావణంలో ముహూర్తం. 24 రోజుల కిందట పార్టీ అయ్యాక ఫ్రెండ్స్ ఒక మసాజ్ సెంటర్‌కి లాక్కెళ్ళారు. ఆవిడ చేత్తోనే... అర్థం చేసుకోండి. అంతకుమించి ఏమీ లేదు, ముద్దు కూడా లేదు. ఆవిడ వేలికి ప్లాస్టర్ ఉన్నట్టు బయటికొచ్చాక గుర్తొచ్చింది. నా కుడి బొటనవేలి గోరు పక్కన తోలు లేచి ఉంది, కొరుక్కునే అలవాటు. అంతే, ఆ రాత్రి నుంచి నిద్ర పోయింది. 5వ రోజు, 12వ రోజు, 20వ రోజు హెచ్‌ఐవీ టెస్టు చేయించాను. మూడు వేర్వేరు ల్యాబులు, మూడూ నెగటివ్. 28వ రోజుకి నాలుగోది బుక్ చేసి డబ్బులు కూడా కట్టేశాను. నెట్‌లో ఒకచోట రాదంటారు, ఇంకోచోట హెర్పిస్ రావచ్చంటారు. అసలు చేతుల ద్వారా ఏవి వస్తాయి, ఏవి రావు?

గోలీసోడా
పులిరాజా గుర్తొచ్చాడు.

ఇరానీచాయ్
ఎవరు పులిరాజా?

గోలీసోడా
నువ్వు అప్పటికి పుట్టలేదేమో. రెండువేల మొదట్లో ఎక్కడ చూసినా హోర్డింగులు, "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అని. మా నాన్న బస్సులో కూర్చుని అందరికీ వినపడేలా చదివి "ఎవడ్రా వీడు, ఏ పార్టీ" అన్నాడు. అమ్మ తర్వాతి స్టాపులోనే దిగిపోదామంది.

ల్యాబ్_రాజు
జోకులు తర్వాత. నేను పదకొండేళ్ళుగా రక్తం తీసే పనిలో ఉన్నాను, తెలిసినంత చెప్తా.

హెచ్‌ఐవీ చేత్తో రాదు. ఆ వైరస్ రక్తం, వీర్యం, యోని స్రావాలు, తల్లిపాలు లాంటివాటిలో బతుకుతుంది. బయటికొచ్చి గాలి తగిలి ఆరిందంటే పని అయిపోయినట్టే. చర్మం దాటాలంటే దానికి దారి కావాలి. గోరు పక్కన లేచిన తోలు దారి కాదు, ఒక రోజులో మూసుకుపోయే గీత. పాజిటివ్ పేషెంటుకి వాడిన సూది, రక్తంతో ఉన్నది, మా చేతిలోకి దిగినా వచ్చే అవకాశం వెయ్యిలో మూడు. సూది దిగితేనే అంత! ప్లాస్టర్ వేసుకున్న వేలు పైపైన తగిలితే ఏమొస్తుంది?

ఇక నీ టెస్టులు. 5వ రోజు టెస్టు వల్ల లాభం ల్యాబుకి, నీకు కాదు. ఇప్పుడు ల్యాబుల్లో చేసే నాలుగో తరం టెస్టు యాంటీబాడీలతో పాటు పి24 అనే వైరస్ ముక్కని కూడా పడుతుంది. దానికి 18 నుంచి 45 రోజులు పడుతుంది. 45 దాటాక నెగటివ్ అంటే నెగటివే. కానీ నీ విషయంలో అసలు టెస్టు అక్కర్లేదు, మొదటిది కూడా.

సందేహాల_రావు
90 రోజులు ఆగాలని మా ఫ్యామిలీ డాక్టర్ అన్నారే? మీరు 45 అంటారేంటి?

ల్యాబ్_రాజు
వేలు గుచ్చి ఒక్క చుక్కతో చేసే ర్యాపిడ్ కిట్లు యాంటీబాడీలని మాత్రమే చూస్తాయి. వాటికి 90. నరం నుంచి తీసి మెషిన్ మీద పెట్టేదానికి 45. ఇద్దరం కరెక్టే.

ధర్మరక్షణ
అలాంటి చోట్లకి వెళ్ళేటప్పుడు లేని భయం ఇప్పుడెందుకు? చేసిన పాపం అనుభవించాలి. ముందు అమ్మాయి వాళ్ళకి చెప్పు.

గోలీసోడా
సార్ వచ్చారు, అందరూ లేచి నిలబడండి.

కూకట్‌పల్లి_పంతులమ్మ
ధర్మరక్షణ గారూ, అతను అడిగింది జబ్బు గురించి, పాపపుణ్యాల లెక్క కాదు. అయినా బాబూ, నీకిది గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. ల్యాబు మూడుసార్లు లేదన్నా నీ మనసు ఒప్పుకోవట్లేదంటే ఆ భయం రక్తంలోది కాదు.

రాత్రి_మెలకువ
రాజు అన్నా, థ్యాంక్స్. మేడమ్, మీరన్నది నిజమే కావచ్చు. కానీ వారం నుంచి వేళ్ళ మధ్య దురద, చిన్న చిన్న పొక్కులు. సిఫిలిస్‌కి అరచేతుల్లో మచ్చలు వస్తాయని చదివాను. అందుకే మళ్ళీ మొదలైంది. రోజుకి ఇరవైసార్లు శానిటైజర్, రాత్రి స్పిరిట్‌తో తుడుచుకుంటున్నా.

చిక్కడపల్లి_చిన్నోడు
గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే. లిటరల్‌గా.

బొల్లారం_బాబాయ్
స్పిరిట్ మానెయ్, చేతులు పాడవుతాయి. వేపాకు మరగబెట్టి ఆ నీళ్ళతో కడుక్కో, పసుపు రాయి. మా అమ్మ అన్నిటికీ అదే చేసేది.

ల్యాబ్_రాజు
బాబాయ్, వేపాకుతో సిఫిలిస్ పోతే పెనిసిలిన్ కంపెనీలు ఎప్పుడో మూసేసేవాళ్ళు.

బొల్లారం_బాబాయ్
సిఫిలిస్‌కి అన్లేదయ్యా, దురదకి అన్నాను.

నర్సక్క
ఇరవై ఏండ్ల సంది సర్కారు దవాఖానల పనిజేస్తున్న. జర నింపాదిగ చదువు తమ్ముడూ.

సిఫిలిస్ పుండు మీద నేరుగ పచ్చి తోలు తగిల్తె వేలికి గూడ అంటుకోవచ్చు, అది అబద్ధం గాదు. ఎనకట గ్లౌజులు లేని కాలంల కాన్పులు జేసే దాయమ్మలకు, డాక్టర్లకు వేలి మీద పుండు లేసేది. గని ఆమె చెయ్యి నీకు తాకితె సిఫిలిస్ రావాలంటె ఆమె చేతికే ఆ పుండు ఉండాలె. అది మస్తు అరుదు. ఇంకోటి, సిఫిలిస్ మచ్చలు మామూలుగ దురద పెట్టవు. నీకు దురద పెడ్తుందంటున్నవ్. ఆడ్నే నాకు డౌటు గొట్టింది.

హెర్పిస్ సంగతి. అది తోలుకు తోలు తగిల్తె వస్తది, నిజమే, పొక్కు ఉన్న జాగ తగలాలె. మూతి మీద హెర్పిస్ పొక్కు ఉన్న పేషెంటుకు ఉత్త చేతులతోని నోరు కడిగితె మా నర్సులకే వేలి కొనకు వస్తది. గోరుచుట్టు లెక్క ఎర్రగైతది, మంట పెడ్తది. చీము ఉందనుకొని కోసేటోళ్ళుంటరు, కొయ్యొద్దు. అది వేలి కొనకు వస్తది, వేళ్ళ సందుల వరుసగ రాదు. గనేరియా, క్లమీడియా అయితె లోపటి మెత్తటి పొరలకే పడ్తయి, అరచెయ్యికి కాదు. గనేరియా ఉన్నోడు తన ఒంటిని ముట్టుకొని అదే చేత్తోని కన్ను నలుపుకుంటె కంటికి ఎక్కుతది, అదొక్కటి యాదికుంచుకోండ్రి.

ఇగ నేనడిగేదానికి జవాబు జెప్పు. దురద రాత్రి పండుకున్నంక ఎక్కువైతదా? మణికట్టు కాడ, బొడ్డు సుట్టూ, చంకల గూడ ఉన్నదా? నీ రూముల ఇంకెవలన్న గోక్కుంటున్నరా?

ఇరానీచాయ్
అక్క ప్రశ్నలు చదివి నేను గోక్కోవడం మొదలుపెట్టా.

దోమలగూడ_దుర్గ
ఈలోగా నా డౌటు. దోమ ఒక పాజిటివ్ మనిషిని కుట్టి మనల్ని కుడితే?

చిక్కడపల్లి_చిన్నోడు
దోమలగూడలో ఉండి దోమ గురించి అడక్కపోతే ఎవరు అడుగుతారు.

కూకట్‌పల్లి_పంతులమ్మ
రాదు దుర్గా. దోమ మనలోకి వదిలేది తన లాలాజలాన్ని, ఇందాక తాగిన రక్తాన్ని కాదు. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరిగి లాలాజల గ్రంథులకి చేరుతుంది కాబట్టి వస్తుంది. హెచ్‌ఐవీ దోమ కడుపులో అరిగిపోతుంది. ఆ మలేరియా సంగతి తేల్చింది కూడా మన ఊళ్ళోనే. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ పొట్ట కోసి చూశాడు. బేగంపేటలో పాత ఎయిర్‌పోర్టు దగ్గర ఆ భవనం ఇప్పటికీ ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే సగం మంది "దోమకి పొట్ట ఉంటుందా టీచర్" అన్నారు.

పేరు_వద్దు_77
ఒక మాట చెప్పి పోతాను. మా బావగారు పాజిటివ్. పదేళ్ళు దాటింది. చెల్లెలు నెగటివ్, పిల్లాడు నెగటివ్. ఆయన రోజూ మాత్ర వేసుకుంటారు, వైరస్ లెక్కకి అందనంత తగ్గిపోయింది. అలా తగ్గి, అలాగే ఉంటే కలయిక ద్వారా కూడా అంటదని డాక్టరే చెప్పారు. ఆయన కలిపిన పెరుగన్నం ముద్దలు మా అబ్బాయి తింటాడు. చెయ్యి తగిలితే వస్తుందేమోనని ఇక్కడ ఇంతమంది వణుకుతుంటే చదవడానికి కష్టంగా ఉంది. మా ఇంట్లో పెద్దావిడ ఒకరు మొదట్లో ఆయన గ్లాసు మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టి గుర్తు వేసేది. ఆ గ్లాసు ఇప్పటికీ ఉంది. దాంట్లో ఇప్పుడు ఆవిడే మంచినీళ్ళు తాగుతుంది, కళ్ళు సరిగ్గా కనపడవు కదా.

రాత్రి_మెలకువ
సారీ అండీ. ఆ ఉద్దేశం కాదు.

పేరు_వద్దు_77
నిన్ను అన్లేదు తమ్ముడూ. ధర్మం గారిని కూడా అన్లేదు.

ధర్మరక్షణ
నేను హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళని ఏమీ అన్లేదు. అమ్మాయి తరఫువాళ్ళకి తెలియాలి కదా అన్నాను, అంతే.

ల్యాబ్_రాజు
ఏం తెలియాలి? లేని జబ్బు గురించా? 2017లో చట్టమే వచ్చింది. మనిషి ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ టెస్టు చెయ్యకూడదు, రిజల్టు బయటపెట్టకూడదు. పెళ్ళికి ముందు ఇద్దరూ ఇష్టపడి చేయించుకుంటే మంచిదే, దాన్ని కాదనను. గాంధీలో, ఉస్మానియాలో ఐసీటీసీ అని హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, టెస్టు సెంటర్ ఉంటుంది, అక్కడ ఫ్రీ. కౌన్సెలర్ ముందు కూర్చోబెట్టి మాట్లాడతారు, రిజల్టు చేతికిచ్చేటప్పుడు మళ్ళీ మాట్లాడతారు. ఇతనికి ఆ మాటలు నాలుగో టెస్టు కన్నా పనికొస్తాయి. అర్ధరాత్రి నెట్ తిరగేసే బదులు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యొచ్చు, అదీ ఫ్రీయే.

సందేహాల_రావు
మరి నిజంగా రిస్క్ జరిగితే ఏం చెయ్యాలి? ఆ మాత్రలేవో ఉంటాయంటారు కదా.

నర్సక్క
పెప్ అంటరు. 72 గంటల లోపల మొదలువెట్టాలె, ఎంత జల్ది అయితె అంత మంచిది, 28 రోజులు మింగాలె. నాకు ఎరుకే, నేను మింగిన. ఒక నైట్ డ్యూటీల పేషెంటు చెయ్యి గుంజిండు, సూది నా చూపుడువేలుకు దిగింది. గ్లౌజు తీసి నల్ల కింద పెట్టిన, నీళ్ళతోని ఎర్రగ పారుతున్నది. గంట లోపల్నే మొదటి గోలి వేసుకున్న. మొదటి వారం ఒకటే వాంతికొచ్చినట్టుండేది. క్యాలెండర్ల రోజుకొక టిక్కు. మా ఆయన పాలాయనకు పెట్టే టిక్కులనుకొని లెక్క తప్పిందని లొల్లి. మూడు నెలలకు ఆఖరి టెస్టు, నెగటివ్. గది రిస్క్ తమ్ముడూ. నీది గాదు.

మంగలి_మనవడు
నాదొక మాట. మా తాత, నాన్న, నేను ముగ్గురం ఇదే పని. ఎయిడ్స్ భయంతోనే ఊళ్ళో కొత్త బ్లేడు అలవాటైంది, మంచిదే. కానీ కస్టమర్లు అడగని జబ్బు హెపటైటిస్ బి, రక్తం ద్వారా అంటి లివర్‌ని పట్టేది. దాని వైరస్ బయట వారం రోజుల దాకా ఉంటుందని మాకు ట్రైనింగులో చెప్పారు.

ల్యాబ్_రాజు
కరెక్ట్ అన్నా. ఎండిన రక్తంలో 7 రోజులు. సూది గుచ్చుకున్నప్పుడు కూడా హెచ్‌ఐవీ కన్నా హెపటైటిస్ బి అంటుకునే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. అదృష్టం ఏంటంటే దానికి టీకా ఉంది. ఇప్పుడు ఒకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. రాత్రి_మెలకువా, మూడు టెస్టులకి పెట్టిన డబ్బులు ఆ మూడు సూదులకి పెట్టుంటే బాగుండేది.

అత్తాపూర్_అరుణ
నా వేళ్ళ మీద పులిపిర్లు ఉన్నాయి. అవి కూడా కింద పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ వైరస్ వల్లే అని చదివి అప్పటినుంచి బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా భయం. ఎవరినీ అడగలేక ఇక్కడ అడుగుతున్నా.

నర్సక్క
ఇంటిపేరు ఒక్కటే అమ్మా, మనుషులు వేరు. చేతుల మీద వచ్చే రకాలు వేరు, కింద వచ్చే రకాలు వేరు. చేతి పులిపిరి చేతికే అంటుతది, గోకితె పక్క వేలుకు పాకుతది. కొరక్కు, బ్లేడుతోని కొయ్యకు. చర్మం డాక్టరుకు జూపి తీపిచ్చుకో.

రాత్రి_మెలకువ
నర్సక్కా, మీ ప్రశ్నలకి జవాబులు. రాత్రే ఎక్కువ, రెండింటికి లేస్తున్నా. మణికట్టు దగ్గర ఉంది, బొడ్డు చుట్టూ కూడా. ఇది భయం వల్ల అనుకున్నా. రూమ్‌లో ఆరుగురం. శీను అని ఒకడు, రెండు నెలల కిందట వాళ్ళ అక్కావాళ్ళింటికి వెళ్ళొచ్చాడు, పిల్లలందరికీ ఒళ్ళంతా పొక్కులట. వాడు నెల నుంచి గోక్కుంటూనే ఉన్నాడు. చెమటపొక్కులు అంటాడు. వాడి పరుపు, నా పరుపు కలిపే వేసుకుంటాం. ఏసీ లేదు, ఉన్న ఒక్క కూలర్ ఎదురుగా.

గోలీసోడా
వచ్చేసింది. క్లైమాక్స్ వచ్చేసింది.

నర్సక్క
గజ్జి తమ్ముడూ. నూటికి తొంభై పాళ్ళు గజ్జి. కంటికి కనపడీ కనపడని పురుగు, తోలు కింద బొరియ జేసుకొని గుడ్లు పెడ్తది. మొదటిసారి అంటినోళ్ళకు దురద మొదలుగానీకె నాలుగు నుంచి ఆరు వారాలు వడ్తది. శీను వచ్చింది రెండు నెలల కింద, నీకు వారం కింద మొదలైంది. లెక్క సరిపోయింది. మసాజ్ సెంటర్ కాదు, కూలర్.

మెడికల్ షాపుల ఏమన్న కొన్నవా?

రాత్రి_మెలకువ
ఆఁ. ఏదో ట్యూబు ఇచ్చాడు, మూడు మందులు కలిపినది. రెండు రోజులు తగ్గి మళ్ళీ ఎక్కువైంది.

నర్సక్క
ఇయ్యాల్నే పారెయ్. దాంట్ల స్టెరాయిడ్ ఉంటది. దురద అణుగుతది, పురుగు బలుస్తది. రేప్పొద్దుగాల చర్మం డాక్టరు కాడికి పో. శీనును గూడ చెవువట్టి గుంజుకపో.

బొల్లారం_బాబాయ్
వేపాకు అన్నప్పుడు నవ్వారు. గజ్జికి మా ఊళ్ళో అదే వాడేవాళ్ళం.

చిక్కడపల్లి_చిన్నోడు
తగ్గేదా బాబాయ్?

బొల్లారం_బాబాయ్
తగ్గేది కాదు. కానీ వాడేవాళ్ళం.

రాత్రి_మెలకువ
వెళ్ళొచ్చాను. డాక్టరమ్మ వేళ్ళ సందుల్లో భూతద్దం పెట్టి చూసి ఒక్క నిమిషంలో "గజ్జి" అన్నారు. మసాజ్ గురించి చెప్పేద్దామని నోరు తెరిచాను, ఆవిడ "రూమ్‌లో ఎంతమంది" అని అడిగి ఆరు ట్యూబులు రాసేశారు. పర్మెత్రిన్ 5 శాతం. మెడ నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద కూడా, రాత్రి రాసుకుని పొద్దున స్నానం. అందరూ ఒకే రాత్రి. వారం తర్వాత ఇంకోసారి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యమన్నారు, ఉతకలేనివి కవర్లో కట్టి పక్కన పెట్టమన్నారు. చివర్లో ఉండబట్టలేక మసాజ్ సంగతి కూడా చెప్పేశా. ఆవిడ చీటీ మీంచి తల ఎత్తకుండా "దానికి మందు అక్కర్లేదు" అన్నారు.

రాత్రి సీన్ చెప్తాను. ఆరుగురం లుంగీలు ఎగ్గట్టి వరుసగా నిలబడి ఒకడి వీపుకి ఇంకొకడు క్రీమ్ పూశాం. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో శీనుగాడు "నాకు రాసింది ఎవడ్రా, చేతులు మెత్తగా ఉన్నాయి" అన్నాడు. 24 రోజుల తర్వాత మొదటిసారి నవ్వాను.

గోలీసోడా
ఇదీ మసాజ్ సెంటరే కదా.

నర్సక్క
దురద ఇంకో రెండు మూడు వారాలుంటది. పురుగు సచ్చినా ఒంటికి అలర్జీ జల్ది పోదు. మల్ల ఎయిడ్స్ అని ఈడికి ఉరికిరాకు. ఇంకో మాట. ఈ నెలల ఎవలి చెయ్యన్న శానాసేపు పట్టుకున్నవా? ఊకె చేతులు కలిపితె రాదు గని, గంటలకు గంటలు పట్టుకుంటె గజ్జి పాకుతది.

రాత్రి_మెలకువ
...

ఇరానీచాయ్
ఏంటా చుక్కలు?

రాత్రి_మెలకువ
పోయిన ఆదివారం తనని కలిశాను. నెక్లెస్ రోడ్డులో బెంచీ మీద రెండు గంటలు. చెయ్యి వదల్లేదు. ఇద్దరం మొదటిసారి పట్టుకున్నాం.

చిక్కడపల్లి_చిన్నోడు
చేతుల ద్వారా ఏం వస్తాయి అని అడిగావు కదా అన్నా. నీ నుంచి.

కూకట్‌పల్లి_పంతులమ్మ
చెప్పెయ్ బాబూ. హాస్టల్‌లో గజ్జి వచ్చింది, నీక్కూడా అంటి ఉండొచ్చు, డాక్టరుకి చూపించుకో అని. అందులో సిగ్గుపడేదేం లేదు. కలిపేసిన పరుపులు, ఇరుకు గదులు, అంతే. మా స్కూల్లో ఏటా ఇదే గొడవ.

ధర్మరక్షణ
ఇది మాత్రం చెప్పాల్సిందే. నేను మొదటినుంచీ అంటున్నది అదే, చెప్పమని.

ల్యాబ్_రాజు
ఆగిపోయిన గడియారం కూడా రోజుకి రెండుసార్లు కరెక్ట్ టైం చూపిస్తుంది సార్.

రాత్రి_మెలకువ
పొద్దున మెసేజ్ పెట్టాను. మూడు గంటలు జవాబు లేదు. ఆఫీసులో స్టాండప్ మీటింగులో నా వంతు వచ్చినప్పుడు ఏం మాట్లాడానో నాకే తెలీదు. ఇప్పుడే వచ్చింది: "నిన్నటి నుంచి నాకూ దురదగా ఉంది, నల్లపూసల గొలుసు మోడల్ చూస్తుంటే చెల్లి కూడా గోక్కుంటోంది. ఆ క్రీమ్ పేరు పంపండి."

నర్సక్క
వారంల దురద రాదు, అది నీ మెసేజ్ చదివినంక వచ్చిన దురద. గని పురుగు పాకి ఉండొచ్చు. డాక్టరుకు జూపిచ్చుకొని ఇంటోళ్ళందరు ఒకటేసారి రాసుకోమను.

ల్యాబ్_రాజు
28వ రోజు టెస్టు క్యాన్సిల్ చేశావా?

రాత్రి_మెలకువ
చేశాను అన్నా. డబ్బులు వెనక్కి రావట. థైరాయిడ్‌కి మార్చుకోమంటున్నారు.